పిండికట్టు కాలు, చింతగింజల అష్టాచెమ్మ

"సంపకుండ లోపలికెట్ల వోతవే? ఊర్కెనే తొవ్వ ఇస్తరా?"

పాస్టరుగారి ఇంట్లోంచి వీధిలోకి వినబడకూడని మాట ఇది. ఆ ఎండాకాలం మాత్రం మా ఇంట్లోంచి కొన్నాళ్లు రోజూ వినబడింది. అనేది మా అవ్వ, మా నాయనను కన్న తల్లి. నాయన గద్వాలలో ఒక చిన్న సంఘానికి కాపరి. ప్రార్థన మందిరం వెనక రెండు గదుల ఇల్లు మాది. ముందు గదిలో ఎవరైనా గట్టిగా తుమ్మితే మందిరంలో మోకరించినవాళ్లు "దేవుడు దీవించును గాక" అనేవారు. అలాంటి ఇంట్లో కూర్చుని అవ్వ పొద్దున్నే "ఇయ్యాల ఇద్దర్ని సంపిన" అని లెక్క చెప్పేది.

రెండు వేల సంవత్సరం దాటిన తొలినాళ్ల మాట. నేను ఏడో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. చెల్లె మూడో తరగతి. వీధిలో అందరి ఇళ్లలో టీవీలు ఉన్నాయి, మా ఇంట్లో లేదు. నాయన వద్దన్నాడు. వద్దనకపోయినా కొనేవాళ్లం కాదనుకోండి. దానికి మాకేం బాధ లేదు. పగలు కరెంటు పోయి చుట్టుపక్కల మగ్గాల చప్పుడొక్కటే మిగిలిందంటే టీవీ ఉన్న పిల్లలు కూడా మా అరుగు మీదికే వచ్చేవారు. బొప్పాయి ఆకు కాడను సబ్బునీళ్లలో ముంచి బుడగలు ఊదేవాళ్లం. కచ్చకాయలు ఎగరేసేవాళ్లం. మా అరుగుకు ఒకటే నియమం, ఆటకు ముందు చిన్న ప్రార్థన. తొందరలో ఉన్న పిల్లలు "ప్రభువా ఆమేన్" అని ఒక్క గుక్కలో ముగించి పరుగెత్తేవారు. దేవుడు ఆ ప్రార్థనలు కూడా విన్నాడనే నా నమ్మకం. ఆ అరుగు మీద ఎవరి మోకాలూ పెద్దగా పగల్లేదు.

అవ్వ ఉండేది కొల్లాపూర్ దగ్గరి పల్లెలో, మా చిన్నాయన వాళ్లతో. మామిడితోటలో నీళ్ల కాలువ దాటబోయి జారింది. మోకాలి కింద ఎముక విరిగింది. టౌన్లో దవాఖాన దగ్గర, ఇంట్లో చూసుకునేందుకు అమ్మ ఉంటుందని నాయన గద్వాల తీసుకొచ్చాడు. డాక్టరు తొడ దాకా పిండికట్టు వేసి ఒకే మాట చెప్పాడు. "కట్టు విప్పేదాక కాలు కింద మోపొద్దు. మోపితే ఎముక వంకరగ అతుకుతది. అప్పుడు నా దగ్గర మందు లేదు."

ఆ మాట ఇంట్లో అందరం విన్నాం. వినిపించుకోనిది అవ్వ ఒక్కతే.

జీవితంలో ఎప్పుడూ పగలు పడుకోని మనిషి. తెల్లారకముందే లేచి, తోటకు పోయి, వంట చేసి, ఆదివారం పొరుగూరి మందిరానికి నడిచిపోయి వచ్చే మనిషి. అలాంటామెను రెండు గదుల ఇంట్లో గోడకు ఆనించి కూర్చోబెడితే ఏమవుతుంది? వచ్చిన మర్నాటి నుంచే మొదలైంది.

"పిల్లగాండ్లార, నా సంచి ఏడవెట్టిండ్రు?"

"ఎందుకవ్వా?"

"పోత. పెబ్బేరు సంతకు పొయ్యే బండి ఏదన్న ఎక్కుత. ఎడ్లను దించినకాడ నన్ను గూడ దించుతరు. ఆడికెల్లి నా తొవ్వ నాకెర్కనే."

"ఎడ్లు కొనేటోళ్లు నిన్ను గూడ బేరం చేస్తరవ్వా" అనేది చెల్లె.

"చెయ్యనియ్యి. ఈ కాలు జూసి ధర తగ్గిస్తరు, గంతే."

నవ్వుతూనే అనేది. కానీ అమ్మ నీళ్లకు పోయినప్పుడు గోడ పట్టుకుని లేవడానికి చూసేదని మాకు తెలుసు. నాయన రోజూ కుటుంబ ప్రార్థనలో ఆమె కాలు కోసం అడిగేవాడు. నేను మాత్రం మనసులో కాలు కోసం కాదు, సంచి కోసం ప్రార్థించేదాన్ని, ఆ సంచి అవ్వకు దొరకొద్దని. ఆమె పోతే కాలు వంకర పోతుంది. కాలు వంకర పోతే తోటకూ పోలేదు, మందిరానికీ పోలేదు. అది నాకు డాక్టరు చెప్పినంత స్పష్టంగా అర్థమైంది.

అప్పుడే చింతపండు వచ్చింది. సంఘంలో ఒకరు కొత్త చింతకాయ గంపెడు ఇచ్చారు. గింజ తీసే పని అవ్వ తనమీద వేసుకుంది. కాలు చాపి కూర్చుని, చిన్న రాయితో కొట్టి, పండు ఒకవైపు, గింజ ఒకవైపు. చేతికి పని దొరికేసరికి సంచి మాట తగ్గింది. పండు జాడీలోకి పోయింది. గింజల కుప్ప మిగిలింది. కుప్పను చూసిన అవ్వ కళ్లలో ఏదో మెరిసింది.

"ఒక నాలుగు మంచియి ఏరుకొచ్చి బండకు రాయుండ్రి. ఒక దిక్కే. తెల్లగ గావాలె."

చింతగింజను బండకు అరగదీయడం ఎంత హాయైన పనో చేసినవాళ్లకే తెలుసు. గరగర రాస్తుంటే గోధుమరంగు తోలు పోయి తెల్లటి పొట్ట బయటపడుతుంది. ఈలోగా గింజ నిప్పులా కాలుతుంది. కాలిన గింజను పక్కవాళ్ల చేతికి చటుక్కున అంటించాలి. వాళ్లు కెవ్వుమనాలి. చెల్లె నాకు అంటించింది, నేను చెల్లెకు అంటించాను, ఇద్దరం కలిసి అవ్వకు అంటిద్దామని పోయాం. అవ్వ పిండికట్టు ముందుకు జరిపింది. "అంటియ్యుండ్రి, గీడ అంటియ్యుండ్రి. ఏం గాదు నాకు."

షాబాదు బండ మీద సుద్దముక్కతో అడ్డం అయిదు, నిలువు అయిదు గడులు గీయించింది. నాలుగు వైపుల నడిమి గడుల్లోనూ, మధ్యలోనూ అడ్డగీతలు కొట్టించింది. అవి ఇళ్లు. ఒక్కొక్కరిదీ ఒక్కో వైపు ఇల్లు, ఒక్కొక్కరికి నాలుగేసి కాయలు. విసిరిన నాలుగు గింజల్లో ఎన్ని తెల్లగా పడితే అన్ని గడులు జరగాలి. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, నాలుగు గడులు. నాలుగూ గోధుమరంగులో బోర్లా పడితే అష్ట, ఎనిమిది. కాయ బయటి వరుస చుట్టి, లోపలి వరుసలోకి మళ్లి, నడిమింట్లో పండాలి. దారిలో పక్కవాళ్ల కాయ మీద మన కాయ పడితే అది చచ్చినట్టు, మళ్లీ మొదటి నుంచి రావాలి. ఇంట్లో ఉన్న కాయను మాత్రం ఎవరూ ముట్టరాదు. ఆ ఇల్లు ఎవరిదైనా సరే. ఇక అసలు రూలు: ఒక్క కాయనైనా చంపనివాళ్లకు లోపలి వరుసలోకి దారి లేదు. బయటే తిరుగుతూ ఉండాలి.

మామూలు రూళ్లకు తోడు మా ఇంట్లో ఒక సొంత రూలు పుట్టింది. అవ్వ పిండికట్టు కాలు గడుల పక్కనే గోడలా పడి ఉండేది. విసిరిన గింజలు దానికి తగిలి ఎటో దొర్లేవి. "కట్టుకు తాకిన ఏత చెల్లదు" అని చెల్లె తీర్పు చెప్పింది. దాంతో అవ్వకు చెడ్డ పందెం పడినప్పుడల్లా పిండికట్టు ఎందుకో కొంచెం ముందుకు కదిలేది.

"అవ్వా! కాలు కదిపినవ్!"

"డాక్టరు కదపొద్దన్నడు బిడ్డా. ఆయన మాట తప్పుతనా?"

అలా నాలుగైదు రోజులు సంచి మాట లేదు. గోడ పట్టుకుని లేవడం లేదు. అమ్మ కూడా ఊపిరి పీల్చుకుంది. తర్వాత ఒక మధ్యాహ్నం నాయన పరామర్శలకు పోయినవాడు తొందరగా ఇంటికొచ్చాడు. అప్పుడే అవ్వ నా కాయను కొట్టి "సంపిన! సంపిన దొంగదాన్ని!" అని తొడ కొట్టుకుంటోంది.

నాయన గుమ్మంలో నిలబడిపోయాడు. గడులు చూశాడు, గింజలు చూశాడు, తల్లిని చూశాడు.

"ఏందమ్మా ఇది? గింజలు ఏసుడా? మన ఇంట్లనా?"

నాయన భయానికి కారణం ఉంది. గవ్వలు వేసి సోది చెప్పేవాళ్ల దగ్గరికి పోయే అలవాటు నుంచి కొన్ని కుటుంబాలను ఎంతో కష్టపడి బయటికి తెచ్చాడు ఆయన. పేకాటలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లూ సంఘంలో ఉన్నారు. దానికితోడు మా సంఘ పెద్ద. ఆయన రిటైరైన బస్సు కండక్టరు, మేం కండక్టరు తాత అనేవాళ్లం. యువకులు మందిరం వరండాలో క్యారంబోర్డు పెడితే టికెట్ లేని ప్రయాణికుణ్ణి దించినట్టు దాన్ని దించేయించిన మనిషి. ఆయన కంట పడితే ఏమవుతుందో నాయనకు తెలుసు.

"సిలువ కింద సైనికులు ఏం చేసిండ్రు? ప్రభువు అంగీ కోసం చీట్లేసిండ్రు" అన్నాడు నాయన.

"పన్నెండో మనిషి తక్కువైనప్పుడు శిష్యులేం చేసిండ్రు? కొత్తోణ్ణి ఎంచుకునేటందుకు వాళ్లు గూడ చీట్లేసిండ్రు గదరా. నువ్వే జెప్పినవ్ పోయిన పండుగకు."

"అది వేరే. వాళ్లు ప్రార్థన చేసి ఏసిండ్రు."

"మేం గూడ ప్రార్థన చేసే ఏస్తున్నం" అంది చెల్లె. "నేనైతే అష్ట పడాలని ప్రతిసారి చేస్త."

నాయన నుదురు పట్టుకున్నాడు. దేవుణ్ణి పందేల కోసం ఇబ్బంది పెట్టొద్దని చెల్లెకు అప్పటికప్పుడు చిన్న బోధ అయింది. నాయన కఠినుడు కాదు. ఆమె వచ్చినప్పటి నుంచీ తల్లి మనసారా నవ్వడం ఆయన అదే మొదటిసారి చూశాడు. కాసేపు అటూ ఇటూ తిరిగి షరతులు చెప్పాడు. ఆదివారం ఆడొద్దు. చెల్లె అష్ట కోసం ప్రార్థించొద్దు. కండక్టరు తాత వస్తే గింజలు దాచాలి, కాదు కాదు, దాచడం తప్పు, ఎత్తిపెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, చంపుడు ఉండొద్దు.

"ఏందీ?" అంది అవ్వ.

"నరహత్య చెయ్యొద్దని ఆజ్ఞ ఉన్నదమ్మా. పిల్లలు పొద్దంత సంపిన సంపిన అంటుంటే ఏం బాగుంటది? ఎవరి కాయ వాళ్లు లోపలికి పోనియ్యుండ్రి. సమాధానంగ, కొట్లాట లేకుండ."

సమాధానంగా ఆడాం. దేవుని పిల్లలు నా మాట మన్నించాలి, అంత చప్పని ఆట నా జన్మలో ఆడలేదు. ఒకే గడిలో మూడు కాయలు. "ప్రైజ్ ది లార్డ్ అక్కా" అని చెల్లె కాయ నా కాయకు వందనం చెప్పడం. అందరం మెల్లగా లోపలికి పోవడం. ఎవరికీ భయం లేదు, తొందర లేదు. చెల్లె తన వంతు వచ్చేలోపు బయటికి పోయి నీళ్లు తాగి వచ్చేది. అవ్వ రెండో ఆటలో గింజలు చేతిలో పట్టుకునే నిద్రపోయింది.

"ఉప్పులేని జొన్న గటక తిన్నట్టున్నది" అంది లేచి. గింజలు పక్కకు నెట్టేసింది. "నా సంచి ఏడున్నదే?"

మర్నాడు అమ్మ బోరింగు దగ్గరికి పోయింది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. చెల్లె అరుపు విని వచ్చేసరికి అవ్వ నిలబడి ఉంది. ఒక చెయ్యి గోడకు, ఒక చెయ్యి తలుపు రెక్కకు. పిండికట్టు కాలు నేలకు జానెడు ఎత్తులో ఊగుతోంది. మంచి కాలు వణుకుతోంది. తలుపు రెక్క మెల్లగా కదలడం మొదలైంది. తలుపుతో పాటు అవ్వ కూడా బయటికి పోతోంది. నేను నడుం పట్టుకున్నాను, చెల్లె పిండికట్టును రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. మేం ముగ్గురం తలుపుకు వేలాడుతుండగా నాయన వచ్చాడు.

ఆయన తల్లిని ఎత్తి కూర్చోబెట్టాడు. కాలు నేలకు తగిలిందా లేదా అని మళ్లీ మళ్లీ అడిగాడు. తగల్లేదని చెల్లె ప్రమాణం చేయబోతే ప్రమాణం చేయొద్దన్నాడు.

"అమ్మా, జర నా మాట విను. కాలు వంకర వోతే ఎట్ల?"

"గోడకు మేకు కొట్టినట్టు ఎన్ని దినాలు కూసోవాల్రా? నీ భార్య వండుతది, నేను తింట. పిల్లలు తెస్తరు, నేను తాగుత. నేనేం చేస్తున్న ఈ ఇంట్ల?"

నాయన ఆ సుద్దగీతల వైపు చూశాడు. ఆ సాయంత్రం మా ఇంట్లోనే గృహప్రార్థన ఉంది. వాక్యం సిద్ధం చేసుకోవాలి. కండువా తీసి మేకుకు తగిలించి, గడుల ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఒక్క ఆట. నీ రూలు మీదనే. నేను గెలిస్తే సంచి మాట ఎత్తొద్దు."

"పందెమారా?" అంది అవ్వ.

నాయన నాలుక కరుచుకున్నాడు. "పందెం గాదు. మాట."

"నేను గెలిస్తే?"

"నువ్వు గెల్వవు."

అవ్వ మాకేసి చూసింది. "విన్నరా? చిన్నప్పుడు ఓడితే బండి కింద దూరి ఏడ్చెటోడు. నాలుగు రొట్టెలు జూపిస్తే గాని బయటికి రాకపోయేది."

నలుగురం కూర్చున్నాం. కాయలుగా అవ్వకు సీతాఫలం గింజలు, నాయనకు సుద్దముక్కలు. నాయన ముందు మర్యాదగానే ఆడాడు. నా కాయను కొట్టే అవకాశం వచ్చినా వదిలేసి పక్క కాయ జరిపాడు. ఫలితం, ఆయన కాయలు ఒక్కదాన్నీ చంపక, లోపలికి దారిలేక, బయటి వరుసలో చుట్టూ తిరుగుతూనే ఉన్నాయి. అవ్వవి ఒకటి తర్వాత ఒకటి పండుతున్నాయి.

"పాస్టరుగారు గద్వాల చుట్టు తిరుగుతున్నరు" అంది అవ్వ. "కోట సూస్తున్నరేమో. జర లోపలికి రాండ్రి అయ్యగారు, చాయ తాగిపోదురు."

నాయన చెవులు ఎర్రబడ్డాయి. చొక్కా చేతులు పైకి మడిచాడు. చెల్లె కాయను కొట్టాలని గురిచూసి తప్పాడు. నా కాయను కొట్టాలని తప్పాడు. అమ్మ చేటలో బియ్యం చెరుగుతూ వచ్చి నిలబడింది, చెరగడం మరిచింది. ప్రార్థన వేళ దగ్గరపడుతోందని ఆమెకూ గుర్తులేదు.

"ఒరేయ్, నీ పెదవులు కదుల్తున్నయ్" అంది అవ్వ. "ఏం అడుగుతున్నవ్ రా పైవాణ్ణి?"

"ఏం అడుగుతలేను."

"నాయన మూడు అడుగుతున్నడు" అంది చెల్లె. "నాకు వినిపించింది."

అప్పటికి అవ్వకు ఒక్క కాయ మిగిలింది. సీతాఫలం గింజ. అది సరిగ్గా నాయన ఇంట్లోనే, ఆయన వైపు అడ్డగీతల గడిలోనే నిలిచి ఉంది. ఆయన కాయ దానికి మూడు గడుల వెనక. నాయన గింజలు రెండు చేతుల మధ్య గలగలలాడించి విసిరాడు. పిండికట్టుకు తగలకుండా పడ్డాయి. మూడు తెలుపు, ఒకటి గోధుమ.

నాయన తన సుద్దముక్కతో ఒకటి, రెండు, మూడు అని దూకి, సీతాఫలం గింజను టక్కున కొట్టాడు. అది ఎగిరి అమ్మ చేటలో పడింది.

"సంపినా!" అన్నాడు మోకాళ్ల మీద లేచి. "సంపిన! అయిపోయింది నీ పని!"

ఆ కేక ఆగేసరికి గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు.

కండక్టరు తాత. చంకలో పాటల పుస్తకం. వెనక చెప్పులు విప్పుతున్న సంఘమంతా, ఒక్కొక్కరి తలా ఒక్కొక్కరి భుజం మీదుగా. నాయన ఒక చెయ్యి ఇంకా గాలిలోనే ఉంది. ఆ చేతిని దించాలో, వందనానికి మార్చాలో ఆయనకు తోచలేదు. నాకు మాత్రం ఒకటే తోచింది. గింజలు పోయాయి, ఆట పోయింది, రేపు అవ్వ సంచి సర్దుకుంటుంది.

కండక్టరు తాత లోపలికి వచ్చాడు. కళ్లజోడు సర్దుకుని వంగాడు. టికెట్లు తనిఖీ చేసేవాడిలా ఒక్కో గడినీ చూశాడు.

"అయ్యగారూ."

"చెప్పండి" అన్నాడు నాయన, చెయ్యి దించి.

"ఆ కాయ ఇంట్ల ఉండె గద. ఇంట్ల ఉన్నదాన్ని ఎట్ల సంపుతరు? అది చెల్లది."

తాత వేలితో ఆ గడిని చూపించాడు.

"మీది గూడ ఆడ్నే ఉండొచ్చు, ఆమెది గూడ ఉండొచ్చు. ఒక్క ఇంట్ల ఇద్దరుంటే తప్పేమున్నది?" చేటలోంచి సీతాఫలం గింజ తీసి మళ్లీ గడిలో పెట్టాడు. నాయన సుద్దముక్కను దాని పక్కనే సర్దాడు. "ఇంగ ఆడుకోండ్రి. కాదు, ముందు ప్రార్థన."

"అన్నా, మీకు ఈ ఆట..." అన్నాడు నాయన.

"నైట్ హాల్టు పోయిన ఊళ్లల్ల డ్రైవరు, నేను ఏం చేస్తుంటిమనుకున్నరు? పైసలు వెట్టకుంటే ఆట. పైసలు వెడితే జూదం. క్యారంబోర్డుకు ఆ పిల్లలు రూపాయి రూపాయి వెడుతుండిరి, అందుకు తీయించిన. మీకు చెప్తే బాధపడ్తరని చెప్పలే."

గది నిండింది. గడుల మీద ఎవరూ కాలు పెట్టకుండా చుట్టూ సర్దుకుని కూర్చున్నారు. పాటలయ్యాయి. నాయన లేచాడు. ఆయన సిద్ధం చేసుకోవలసిన వాక్యం సిద్ధం కాలేదని మా అందరికీ తెలుసు. ఆటలో పడి వేళ మరిచానని ముందే సంఘానికి చెప్పేశాడు. తర్వాత ఆ గడుల వైపు చూసి ఆశ్రయపురాల గురించి మొదలుపెట్టాడు. పూర్వం దేవుని జనం మధ్య కొన్ని ఊళ్లుండేవి. తెలియక ఒకరి ప్రాణం తీసినవాడు పరుగెత్తి ఆ ఊరి గుమ్మంలో కాలు పెడితే చాలు, వెంట వచ్చే పగవాడు కూడా ముట్టరాదు. ఆ ఊరివాళ్లు వాడికి చోటు చూపించి, తమతో ఉంచుకోవాలి. "వాడు ఊర్కెనే తింటున్నడు అని ఆ ఊరివాళ్లు లెక్క చూడొద్దు. నేను ఊర్కెనే తింటున్న అని వాడు గూడ అనుకోవద్దు. దేవుడు వాడికి చోటిచ్చిండు, అంతే" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన సంఘాన్ని చూడలేదు. నేను చాలా బోధలు విన్నాను, ఇప్పుడు ఆదివారపు బడి పిల్లలకు చెబుతున్నాను కూడా. సిద్ధపడకుండా చెప్పిన ఆ బోధకు సాటి వచ్చింది నాకు తక్కువ.

దేవుడు చేసిన మేలు అందరి ముందూ చెప్పుకునే సాక్ష్యాల వేళ అవ్వ చెయ్యి ఎత్తింది. మా సంఘంలో సాక్ష్యం వేళ అన్న మాట మాటే. దేవుని ముందు, పదిమంది ముందు అన్నదాన్ని వెనక్కి తీసుకోకూడదు. అది చిన్నపిల్లలకు కూడా తెలుసు.

"ఒక్క ముచ్చట అడుగుత. అట్ల పోయినోడు ఆ ఊర్ల ఎన్ని దినాలుండాలె?"

నాయన కొంచెం ఇబ్బంది పడ్డాడు. "ప్రధాన యాజకుడు ఉన్నన్ని దినాలు. ఆయన చనిపోయినంక ఇంటికి పోవచ్చు."

"యాజకుడంటే మన లెక్కల అయ్యగారే గద?"

"ఆ... అట్ల అనుకోవచ్చు."

"అంటే నువ్వు సచ్చేదాక నేను గీడనే కూసోవాల్నా కొడకా?"

ముందు వరుసలో ఎవరో పమిట నోట్లో కుక్కుకున్నారు. కండక్టరు తాత పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పుస్తకం ఊగుతోంది.

"వద్దుతియ్యి" అంది అవ్వ. "నువ్వు నూరేండ్లు సల్లగుండు. కట్టు విప్పేదాక ఉంట. దేవుని ముందట చెప్తున్న. కాలు కింద వెట్ట."

"ఆమేన్ అనుండ్రి!" అన్నాడు కండక్టరు తాత, మాట జారిపోకుండా పట్టుకునేవాడిలా. సంఘమంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది మా అమ్మ.

ఆ తర్వాత మా ఇంట్లో సంచి ఎక్కడుందని ఎవరూ అడగలేదు. కండక్టరు తాత మధ్యాహ్నాలు వచ్చి కూర్చునేవాడు. కొడుకు కొనిచ్చిన సెల్‌ఫోనులో పాము ఆట ఉండేది ఆయనకు, అది చెల్లె చేతిలో పెట్టి తాను గింజలు అందుకునేవాడు. చంపడం అన్న మాట మీద నాయనకు ఇంకా మనసొప్పడం లేదని గ్రహించి ఆయనే దారి చూపాడు. ఎవరి కాయనైనా కొడితే "టికెట్ లేదు, దిగు" అనేవాడు. మా ఇంట్లో కాయలను చంపడం పోయి దించడం వచ్చింది. రూలు మాత్రం అవ్వదే. ఒక్కరినన్నా దించనిదే లోపలికి దారి లేదు. అవ్వ ఆయన్ను రోజూ దించేది. "ఇన్నేండ్లు ఎందర్ని దించినవో, ఇప్పుడు తెలుస్తున్నదా?" అనేది.

కట్టు విప్పే రోజు అందరం దవాఖానకు పోయాం. పిండి రెండుగా చీలింది. లోపలి కాలు సన్నగా, తెల్లగా, అరగదీసిన చింతగింజలా ఉంది. డాక్టరు అటూ ఇటూ నొక్కి చూశాడు, సాపుగా అతికిందన్నాడు. నిలబడమన్నాడు. అవ్వ నిలబడింది. మెల్లగా నడవమన్నాడు. నడిచింది.

వరండా దాటి గేటు దాకా ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. చెల్లె ముందు నడిచింది, దారిలో రాళ్లు ఏరుతూ. నాయన వెనక నడిచాడు, వంగి, రెండు చేతులూ చాపి, ఏ క్షణం పడితే ఆ క్షణం అందుకోవడానికి. ఆటోవాళ్లు చూస్తున్నారు. సంఘం వాళ్లెవరో వందనం చెప్పారు. నాయన చేతులు ఖాళీ లేక తలతో వందనం చెప్పాడు.

అవ్వ ఆగి వెనక్కి తిరిగింది.

"ఏందిరా, కోడిపిల్లను వట్టెటోని లెక్క నా ఎన్క వడ్డవ్?"

"పడ్తవేమో అని."

"పడను. చేతులు దించు, నలుగురు సూస్తున్నరు."

నాయన చేతులు దించాడు. ఆమె నాలుగు అడుగులు వేసేసరికి అవి మళ్లీ పైకి లేచాయి.